వేలం పేజీలో ఫోటోల ఆలస్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆన్‌లైన్ వేలంలో వస్తువులు అమ్మే పాఠకుల నుంచి, ఫోటోలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయన్న ఫిర్యాదుతో ఈమధ్య వరుసగా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగేవి కనుక ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: పాత గడియారాలను ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంటాను. ఒక్కొక్క గడియారానికి ఫోనుతో తీసిన పన్నెండు ఫోటోలను వివరణ భాగంలో పెడతాను. ఒక్కొక్క ఫోటో దాదాపు 4 మెగాబైట్లు ఉంటుంది. పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి నిమిషం పైనే పడుతోందని కొనేవారు అంటున్నారు. పేజీ కోడ్‌లో ఫోటో వెడల్పును 600 పిక్సెళ్ళుగా రాశాను. తెర మీద చిన్నగానే కనిపిస్తున్నా ఆలస్యం ఏమాత్రం తగ్గలేదు. కారణం ఏమిటి?

జవాబు: మీరు రాసిన 600 అనే అంకె బ్రౌజర్‌కు ఇచ్చిన ఆదేశమే గాని, ఫోటో ఉన్న సర్వర్‌కు ఇచ్చినది కాదు. సర్వర్ 4 మెగాబైట్ల ఫైలును ఉన్నదున్నట్టుగా పంపుతుంది. బ్రౌజర్ దాన్నంతటినీ దించుకొని, విప్పి, ఆ తరువాతే 600 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించి చూపిస్తుంది. 12 మెగాపిక్సెళ్ళ ఫోను కెమెరాతో తీసిన ఫోటోలో 4000 × 3000, అంటే 1.2 కోట్ల పిక్సెళ్ళు ఉంటాయి. 600 × 450 చోటులో పట్టేవి 2.7 లక్షలు మాత్రమే. తెప్పించుకున్నదానిలో దాదాపు 44వ వంతును చూపించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే అవుతుంది.

నెట్ వేగాన్ని మెగాబిట్లలోనూ ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలోనూ చెప్పే అలవాటు ఉండడం వల్ల, ఈ ఆలస్యం ఎంతో చాలామందికి అంచనాకు రాదు. ఒక బైటుకు 8 బిట్లు. మీ పన్నెండు ఫోటోలు కలిపి 48 మెగాబైట్లు, అంటే 384 మెగాబిట్లు. సెకనుకు 4 మెగాబిట్లు అందే ఫోనులో ఇవన్నీ దిగడానికి 96 సెకన్లు పడుతుంది. మీ కొనుగోలుదారులు చెప్పిన నిమిషం పైచిలుకు ఇలాంటి లెక్కలోంచి వచ్చినదే.

దిగడంతో పని పూర్తి కాదు. తెర మీద గీయడానికి ముందు బ్రౌజర్ ఆ ఫోటోను ఫోను మెమరీలో విప్పుకుంటుంది. అక్కడ ఒక్కొక్క పిక్సెల్‌కు సాధారణంగా 4 బైట్లు కావాలి కనుక 12 మెగాపిక్సెళ్ళ ఫోటో ఒక్కటే 48 మెగాబైట్ల చోటు తింటుంది. పన్నెండు ఫోటోలకు ఆ లెక్క 576 మెగాబైట్లకు చేరుతుంది. పాత ఫోనులో పేజీ కిందికి జరపగానే తెర ఒక్క క్షణం బిగుసుకుపోవడానికి ఇదొక కారణం. చాలామంది పిక్సెళ్ళను ముట్టుకోకుండా, భద్రపరిచేటప్పుడు ప్రోగ్రాము అడిగే నాణ్యత అంకెను మాత్రమే బాగా తగ్గించి ఫైలును తేలిక చేస్తారు. అప్పుడు ఫైలు త్వరగా దిగుతుందే తప్ప, విప్పిన తరువాత పట్టే చోటు మాత్రం అంతే ఉంటుంది, పైగా ఫోటో చెడుతుంది. అందువల్ల ముందు తగ్గించవలసినది పొడవు వెడల్పులను, నాణ్యత అంకె జోలికి ఆ తరువాతే వెళ్ళాలి.

ఎక్కించడానికి ముందే, ఫోటోను సవరించే ఏ ప్రోగ్రాములోనైనా పొడుగు వైపు 1600 పిక్సెళ్ళు ఉండేలా తగ్గించి, జేపెగ్ అనే ఫైలు రూపంలో నాణ్యత 80 దగ్గర భద్రపరచండి. 1600 అనడానికి కారణం ఉంది. నేటి ఫోను తెర అడ్డంగా సాధారణంగా 1080 నుంచి 1440 పిక్సెళ్ళు ఉంటుంది. తెర నిండా చూపించి, కొద్దిగా దగ్గరికి లాగి చూడడానికి కూడా 1600 సరిపోతుంది. ఈబే కూడా పొడుగు వైపు కనీసం 500 పిక్సెళ్ళు ఉండాలని నియమం పెట్టి, పెద్దది చేసి చూసేందుకు 1600 ఉంటే మంచిదని అమ్మకందారులకు సూచిస్తూ వచ్చింది. ఆ కొలతలో గడియారం ఫోటో సుమారు 300 కిలోబైట్లకు వస్తుందనుకుంటే, పన్నెండూ కలిపి 3.6 మెగాబైట్లు. అదే 4 మెగాబిట్ల వేగంలో మొత్తం పేజీకి దాదాపు 7 సెకన్లు, మొదటి ఫోటోకు ఒక సెకను లోపు పడుతుంది. పాట పాడాలా వద్దా అని చూసేవారు పన్నెండో ఫోటో కోసం ఆగకపోవచ్చు గాని మొదటి ఫోటో కోసం తప్పక చూస్తారు కనుక, గడియారం ముఖం పూర్తిగా కనిపించే ఫోటోను అన్నిటికంటే పైన పెట్టండి.

ప్రశ్న: జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ, ఏవీఐఎఫ్ అని రకరకాల పేర్లు వినిపిస్తున్నాయి. అమ్మే వస్తువుల ఫోటోలకు ఏది మంచిది?

జవాబు: 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ ఇప్పటికీ అమ్మకందారుడికి నమ్మకమైన ఎంపిక. ఏ వేలం వేదికైనా తీసుకుంటుంది, ఏ బ్రౌజరైనా చూపిస్తుంది. 1996 నాటి పీఎన్‌జీ ఏ వివరమూ పోగొట్టకుండా భద్రపరుస్తుంది. గీతలు, అక్షరాలు, ఒకే రంగు పరుచుకున్న గుర్తులకు అది చక్కగా పనిచేస్తుంది. కెమెరా ఫోటోలో మాత్రం పక్కపక్క పిక్సెళ్ళు ఎప్పుడూ కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి కాబట్టి, అదే ఫోటో పీఎన్‌జీలో జేపెగ్ కంటే కొన్ని రెట్లు బరువెక్కుతుంది. మంచి నాణ్యత కావాలని ఫోటోలన్నిటినీ పీఎన్‌జీలోకి మార్చి పెట్టేవారు తెలియక చేసే పొరపాటు ఇదే.

గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ, 2019లో ఖరారైన ఏవీఐఎఫ్ అదే నాణ్యతను తక్కువ బరువులో ఇస్తాయి. ఏవీఐఎఫ్ ఆదా మరీ ఎక్కువ. కాని వెబ్‌పీ ఐఫోను బ్రౌజరులోకి 2020లో, ఏవీఐఎఫ్ 2022లో మాత్రమే వచ్చాయి, కనుక పాత ఫోన్లలో అవి తెరుచుకోకపోవచ్చు. మీరు ఇతరుల వేదికలో అమ్ముతుంటే జేపెగ్‌తోనే ఎక్కించండి. కొత్త రూపాల్లోకి మార్చి ఎవరికి ఏది పంపాలో చూసుకునే పని వేదిక సర్వర్లు చేసుకోగలవు. ఐఫోను వాడేవారికి ఇంకొక మాట చెప్పాలి. 2017 నుంచి ఆ ఫోన్లు ఫోటోలను హెచ్‌ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. అది ఫోనులో చోటు మిగిల్చినా చాలా బ్రౌజర్లకు అర్థం కాదు. కెమెరా సెట్టింగులలో జేపెగ్‌లో భద్రపరిచే ఎంపికను పెట్టుకోవడం, లేదా ఎక్కించేముందు మార్చుకోవడం అవసరం.

ప్రశ్న: ఫోటోను 300 డీపీఐ నుంచి 72 డీపీఐకి మారిస్తే వేగంగా తెరుచుకుంటుందని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు. డీపీఐ అనేది కాగితం మీద అచ్చు వేసేటప్పుడు ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు పెట్టాలో చెప్పే సూచన. అది ఫైలులో ఒక చిన్న అంకెగా మాత్రమే ఉంటుంది, తెర దాన్ని పట్టించుకోదు. 1600 × 1200 ఫోటోలో ఆ అంకె 72 అయినా 300 అయినా పిక్సెళ్ళు అవే, బరువూ అంతే. మీ మిత్రునికి వేగం పెరిగినట్టు కనిపించి ఉంటే, ఆయన వాడిన ప్రోగ్రాము డీపీఐతో పాటు పిక్సెళ్ళను కూడా తగ్గించి ఉంటుంది.

ప్రశ్న: నేను పాత నాణేలు, అప్పుడప్పుడు తపాలా బిళ్ళలు వేలానికి పెడతాను. ఫోటో బరువు తగ్గిస్తే సన్నని గీతలు, అరుగుదల కనిపించవు. కొన్నవారు తరువాత, ‘ఈ గీత ఫోటోలో లేదు’ అని వస్తువును తిప్పి పంపితే నష్టపోయేది నేనే. నావంటివారు పెద్ద ఫోటోలు పెట్టక తప్పదు కదా?

జవాబు: మీ భయం సమంజసమైనది. వేగం కోసం వస్తువు లోపాలను కనిపించకుండా చేయడం కంటే నెమ్మదిగా తెరుచుకునే పేజీయే మేలు. అయితే ఈ రెండిటిలో ఒకదాన్ని వదులుకోవలసిన పని మీకు లేదు. నాణెం 4000 పిక్సెళ్ళ ఫోటోలో నడుమ 1200 పిక్సెళ్ళ మేర కూర్చుని, మిగతా చోటంతా బల్ల కనిపిస్తుంటే, మీరు పంపే బరువులో అధిక భాగం బల్లదే. నాణెం అంచుల చుట్టూ కొద్దిపాటి ఖాళీ ఉంచి మిగిలినది కత్తిరించండి. గీత ఉన్నచోటును దగ్గరగా మరొక ఫోటో తీసి, దాన్నీ విడిగా కత్తిరించి పెట్టండి. ఒక్క పెద్ద ఫోటోలో అన్నీ వెతుక్కోమని చెప్పడం కంటే, నాణేనికి రెండు వైపులు, అంచు, లోపం ఉన్నచోటు అని నాలుగు చిన్న ఫోటోలు ఇచ్చినప్పుడు బరువూ తక్కువే, మీ నిజాయితీకి ఆధారమూ గట్టిదే.

ఇక జేపెగ్ దేన్ని పారేస్తుందో తెలుసుకుంటే మీకు చాలా విషయాలు తేలికవుతాయి. అది ఫోటోను 8 × 8 పిక్సెళ్ళ గళ్ళుగా విడదీసి, ఒక్కొక్క గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడలను ఒకవైపు, వెంటవెంటనే మారే సన్నని వివరాలను మరొకవైపు లెక్కగడుతుంది. కన్ను తేలికగా గుర్తుపట్టలేని సన్నని వివరాలను ముతకగా గుండ్రం చేసి రాసుకుంటుంది. నాణ్యత అంకె తగ్గేకొద్దీ ఆ గుండ్రం చేయడం ముతకబారి, చివరకు గళ్ళ అంచులే కంటికి కనిపిస్తాయి. ఈ అంకె శాతం కాదని, ఒక ప్రోగ్రాములోని 80 మరొక ప్రోగ్రాములోని 80తో సమానం కానక్కర లేదని గుర్తుంచుకోండి. నాణేలకు 85 దగ్గర మొదలుపెట్టి, ఫోటోను తెర మీద అసలు కొలతలో చూస్తూ, గీత స్పష్టంగా ఉన్నంతవరకు దించుకుంటూ రావడం మంచి పద్ధతి. 100 దగ్గర ఉంచడం వల్ల మాత్రం బరువు విపరీతంగా పెరుగుతుందే తప్ప కంటికి తేడా తెలియదు.

సన్నని వివరమంటే జేపెగ్‌కు నాణెం మీది గీతే కాదు. మసక వెలుతురులో తీసినప్పుడు కెమెరా పుట్టించే గరుకుచుక్కలు, నాణెం కింద పరిచిన పూలగుడ్డ నేత కూడా దాని దృష్టిలో వివరాలే, వాటన్నిటికీ అది బైట్లు ఖర్చు పెట్టవలసిందే. అందుకే చదునైన, ఒకే రంగు ఉన్న నేపథ్యం మీద, కిటికీ పక్కని మంచి వెలుతురులో, ఫోను కదలకుండా ఆనించి తీసిన ఫోటో అదే నాణ్యత అంకె దగ్గర గమనించదగినంత తేలికగా ఉంటుంది, గీత కూడా బాగా కనిపిస్తుంది. నన్నడిగితే, వేగం పెంచే పనిలో సగం ఫోటో తీసే చోటే జరుగుతుంది. కాని ఆ సంగతి ఎవరూ అడగరు, ప్రోగ్రాముల పేర్లే అడుగుతారు.

తపాలా బిళ్ళల విషయంలో ఒక చిక్కు ఉంది. జేపెగ్ సాధారణంగా వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని మాత్రం అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి దాస్తుంది. మనుషుల ముఖాలకు, చెట్లూచేమలకు ఇది ఏమీ తేడా చేయదు గాని, ఎర్ర సిరాతో వేసిన సన్నని ముద్ర అలుక్కుపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. మీ ప్రోగ్రాములో రంగు వివరాన్ని తగ్గించకుండా ఉంచే ఎంపిక, సాధారణంగా 4:4:4 అని రాసి ఉండేది, కనిపిస్తే అలాంటి బిళ్ళలకు దాన్ని వాడండి. వివరం పోయే పద్ధతిలో వెబ్‌పీ ఎప్పుడూ రంగును సగానికి తగ్గించే దాస్తుంది కనుక ఈ పనికి అది తగదు.

చివరగా, అసలు ఫోటోను ఎప్పుడూ చెరపకండి. ఒకసారి కుదించిన జేపెగ్‌ను తెరిచి, సవరించి, మళ్ళీ కుదించిన ప్రతిసారీ నష్టం మీద నష్టం పడుతుంది. మార్పు చేయవలసి వచ్చినప్పుడు అసలు ఫోటో నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి. వివాదం వచ్చిన రోజున మీ చేతిలో ఉండే సాక్ష్యం కూడా అదే.

ప్రశ్న: ఫోటో ఫైలులో దాగి ఉండే సమాచారాన్ని తీసేస్తే బరువు తగ్గుతుందని చదివాను. తీసేయడం క్షేమమేనా?

జవాబు: ఎగ్జిఫ్ అనే ఆ సమాచారంలో కెమెరా వివరాలు, తీసిన సమయం, తరచుగా ఒక బుల్లి నకలు ఫోటో, ఫోనులో అనుమతి ఇచ్చి ఉంటే ఫోటో తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. బరువు పరంగా ఇది కొన్ని కిలోబైట్ల నుంచి కొన్ని పదుల కిలోబైట్ల వరకు ఉండవచ్చు. 300 కిలోబైట్ల ఫోటోలో అది కొంత, జాబితాలో కనిపించే 20 కిలోబైట్ల బుల్లి ఫోటోలో అది చాలా ఎక్కువ. నిజానికి తీసేయడానికి బరువు కంటే పెద్ద కారణం మీ ఇంటి ఉనికి. విలువైన వస్తువు ఫోటోతో పాటు అది ఉన్న ఇంటి చిరునామాను కూడా జతచేసి పంపడం పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకోవడమే.

తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. ఫోను నిలువుగా పట్టి తీసిన ఫోటోలను చాలా ఫోన్లు అడ్డంగానే దాచి, ‘చూపించేటప్పుడు తిప్పు’ అని ఎగ్జిఫ్‌లో రాస్తాయి. ఆ మాట చెరిపితే ఫోటో పక్కకు పడుకుంటుంది. నేను ఒకసారి నలభై ఫోటోలను ఒకేసారి శుభ్రం చేసి ఎక్కించి, వాటిలో సగం మెడ పక్కకు వాల్చి చూడవలసిన స్థితికి తెచ్చుకున్నాను. ముందు ఫోటోను నిజంగా తిప్పి భద్రపరిచి, ఆ తరువాతే చెరపాలి. రెండోది రంగుల వివరణ పత్రం, అంటే కలర్ ప్రొఫైల్. కొన్ని ఫోన్లు మామూలు తెరల కంటే విస్తృతమైన రంగుల పరిధిలో ఫోటో తీస్తాయి. దాన్ని మామూలు తెరల రంగుల పరిధి అయిన ఎస్ఆర్‌జీబీకి మార్చకుండా ప్రొఫైల్‌ను మాత్రం తీసేస్తే ఎరుపులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. చీరలు, రత్నాలు, చిత్రపటాలు అమ్మేవారికి అది చిన్న విషయం కాదు.

ప్రశ్న: నా ఫోటోలను వేరొక ఉచిత నిల్వ స్థలంలో ఉంచి, వేలం వివరణలో వాటి లింకులు ఇస్తున్నాను. మామూలుగా బాగానే ఉంటుంది. వేలం ముగిసే చివరి పది నిమిషాలలో మాత్రం ఫోటోలు రావడం లేదని ఫిర్యాదులు. చివర్లోనే ఎందుకు ఇలా?

జవాబు: వేలం పేజీకి, మామూలు దుకాణం పేజీకి తేడా ఇక్కడే ఉంది. దుకాణం పేజీకి జనం రోజంతా చెదురుగా వస్తారు. వేలంలో చివరి నిమిషాలలో ఒకేసారి గుమిగూడుతారు, పైగా అప్పటి పాట ఎంతకు చేరిందో చూడడానికి పేజీని పదేపదే తాజా చేస్తుంటారు. ఫోటోను పంపే సర్వర్ ‘దీన్ని ఇంతకాలం మీ దగ్గరే దాచుకోవచ్చు’ అని బ్రౌజర్‌కు చెప్పి ఉంటే, తాజా చేసినప్పుడు ఫోటో మళ్ళీ నెట్ మీదుగా రాదు, బ్రౌజర్ కాష్‌లోని నకలే కనిపిస్తుంది. దాచుకోవద్దని చెప్పే నిల్వ స్థలమైతే ప్రతి తాజాకూ పన్నెండు ఫోటోలూ మొదటినుంచి దిగవలసిందే. ఉచిత నిల్వ స్థలాలు చాలావరకు గంటకో నెలకో ఇంత డేటా అని పరిమితి పెడతాయి, ఆ పరిమితి దాటేది సరిగ్గా ఇలాంటి సమయంలోనే.

ఇది కాక, వేరే సర్వర్ అంటే బ్రౌజర్ దాని చిరునామా కనుక్కోవాలి, దానితో కొత్తగా అనుసంధానం కుదుర్చుకోవాలి, భద్రతా తాళపుచెవులు ఇచ్చిపుచ్చుకోవాలి. మొబైల్ నెట్ మీద మొదటి ఫోటోలోని మొదటి బైటు రాకముందే ఈ రాకపోకలకు అర సెకను దాకా పోవచ్చు. పాత పద్ధతి లింకులయితే ఇంకొక సమస్య కూడా ఉంటుంది. వేలం పేజీ చిరునామా భద్రత ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి, ఫోటో లింకు ఆ భద్రత లేని ఉత్త హెచ్‌టీటీపీలో ఉంటే, బ్రౌజర్ హెచ్చరించవచ్చు, ఫోటోను ఆపివేయవచ్చు కూడా.

ఉచిత నిల్వను నమ్ముకున్నవారికి 2017 ఒక పాఠం నేర్పింది. ఫోటోబకెట్ సంస్థ ఆ ఏడాది తన నిబంధనలు మార్చి, ఇతర సైట్లలో ఫోటోలు చూపించే సౌకర్యాన్ని డబ్బు చెల్లించేవారికే పరిమితం చేయడంతో, అనేక అమ్మకపు పేజీలలో వస్తువుల ఫోటోలు ఉన్నచోట ఆ సంస్థ ప్రకటన బొమ్మ ప్రత్యక్షమైంది. కనుక నా సలహా సూటిగా ఇది: వేలం వేదిక తానే ఫోటోలు తీసుకునే సౌకర్యం ఇస్తున్నప్పుడు దాన్నే వాడండి. పెద్ద వేదికలు మీరు ఎక్కించిన ఫోటో నుంచి జాబితాకు ఒక కొలత, పేజీకి ఒక కొలత, దగ్గరగా చూడడానికి ఒక కొలత తామే తయారుచేసి, చూసేవారికి దగ్గరలోని సర్వర్ల నుంచి పంపుతాయి. వివరణ భాగంలో అక్షరాలు మాత్రమే ఉంచండి. అలంకారపు చట్రాలు, కదిలే బొమ్మలు, షరతులను చిత్రంగా మార్చి అతికించడం వంటివి అన్నీ బరువే. చిత్రంగా మార్చిన షరతులు ఫోను తెర మీద చదవడానికి కూడా రావు, వెతికినా దొరకవు.

వేలం మధ్యలో ఫోటోలు మార్చడానికి మాత్రం తొందరపడకండి. పాటలు పడ్డాక ప్రకటనను మార్చడం మీద అనేక వేదికలు ఆంక్షలు పెడతాయి, ఆంక్ష లేనిచోట కూడా పాడినవారికి అనుమానం వస్తుంది. ఈ సర్దుబాటు తరువాతి వస్తువుతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా సేకర్తల సంఘం సభ్యుల కోసం సొంతంగా ఒక చిన్న వేలం సైటు కట్టుకుంటున్నాము. ప్రోగ్రామింగ్ కొంత తెలుసు. జాబితా పేజీలో ఒకేసారి అరవై వస్తువులు కనిపిస్తాయి. ఫోటోల విషయంలో మొదటినుంచి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: సభ్యులు ఫోటోలను కుదించి పంపుతారని ఆశపడవద్దు, ఎవరూ పంపరు. 12 మెగాపిక్సెళ్ళ ఫోటో వస్తుందనే అనుకొని, అది సర్వర్‌కు చేరగానే సరైన దిశకు నిజంగా తిప్పి, ఎస్ఆర్‌జీబీకి మార్చి, ఎగ్జిఫ్ తీసేసి, సుమారు 320, 800, 1600 పిక్సెళ్ళ వెడల్పులలో మూడు నకళ్ళు తయారుచేసి పెట్టుకోండి. అసలు ఫోటోను విడిగా, బయటికి కనిపించనిచోట దాచండి. ఈ కుదింపును పేజీ అడిగిన ప్రతిసారీ చేయకుండా, ఎక్కించినప్పుడు ఒక్కసారే చేయాలి. మొదట్లో సైటుకు ఎవరూ రానప్పుడు రెండు పద్ధతులకూ తేడా తెలియదు గాని, ఒక వేలం ముగింపు రాత్రి అందరికీ తెలిసివస్తుంది.

పేజీలో చిత్రపు ట్యాగుకు ఎస్ఆర్‌సీసెట్ గుణం ద్వారా ఈ మూడు ఫైళ్ళ పేర్లూ, వాటి వెడల్పులూ ఇచ్చి, సైజెస్ గుణంలో ఆ చిత్రం తెర మీద ఎంత మేర ఆక్రమిస్తుందో చెప్పండి. ఏ ఫైలు తెచ్చుకోవాలో బ్రౌజర్ తన తెరను బట్టి తానే తేల్చుకుంటుంది. సైజెస్ రాయడం మరచిపోతే బ్రౌజర్ చిత్రం తెర వెడల్పంతా ఉంటుందని అనుకొని పెద్ద ఫైలునే తెస్తుంది. ఎస్ఆర్‌సీసెట్ పెట్టినా లాభం కనిపించలేదని అనేవారి పేజీలలో నేను ఎక్కువగా చూసిన లోపం ఇదే. ఏవీఐఎఫ్, వెబ్‌పీ నకళ్ళు కూడా ఇవ్వాలనుకుంటే పిక్చర్ ట్యాగులో వాటిని ముందు, జేపెగ్‌ను చివర పెట్టండి. అర్థమైనదాన్ని బ్రౌజర్ తీసుకుంటుంది.

అరవై వస్తువులలో తెర మీద మొదట కనిపించేవి ఆరో ఎనిమిదో. మిగిలినవాటికి లోడింగ్ అనే గుణంలో లేజీ అని రాస్తే, చూసేవారు వాటి దగ్గరికి జరిపినప్పుడే అవి దిగుతాయి. ఒకప్పుడు దీనికి పెద్ద స్క్రిప్టులు రాయవలసి వచ్చేది. 2019లో క్రోమ్ బ్రౌజరులోనే ఈ సౌకర్యం వచ్చింది, తరువాత మిగతావీ అందుకున్నాయి. అయితే తెర పైభాగంలోని ఫోటోలకు, ముఖ్యంగా వస్తువు పేజీలోని మొదటి ఫోటోకు లేజీ పెట్టకూడదు. పేజీ అమరిక పూర్తిగా తేలేవరకు బ్రౌజర్ దాన్ని అడగనే అడగదు, అంటే వేగం కోసం చేసిన పని ఆలస్యానికే దారితీస్తుంది. ఆ ఒక్క ఫోటోకు ఫెచ్‌ప్రయారిటీ గుణంలో హై అని రాసి ముందువరుసలో నిలబెట్టవచ్చు.

ప్రతి ఫోటోకూ విడ్త్, హైట్ తప్పక రాయండి. మొదటి ప్రశ్నలో చెప్పినట్టు వాటివల్ల బరువు తగ్గదు, కాని ఫోటో రాకముందే బ్రౌజర్ దాని చోటును ఖాళీగా ఉంచుతుంది. రాయకపోతే ఫోటో వచ్చి పడగానే కింద ఉన్నదంతా జరుగుతుంది. వార్తల పేజీలో ఇది చిరాకుతో సరిపోతుంది. వేలం పేజీలో సభ్యుడు అంకె చూసుకొని పాట బొత్తాం నొక్కబోయే క్షణంలో బొత్తాం జరిగిపోతే, ఆ తగవు మీ సంఘం సమావేశం దాకా వస్తుంది.

ఇక చివరి నిమిషాల సంగతి. పాట ఎంతకు చేరిందన్నది తెలపడానికి పేజీ మొత్తాన్ని తాజా చేయించకుండా, ఆ అంకెను మాత్రమే విడిగా తెప్పించి మార్చండి. ప్రతి కొన్ని సెకన్లకూ వస్తువు పెట్టె మొత్తాన్ని చెరిపి మళ్ళీ గీసే కోడ్ రాస్తే ఫోటో కూడా మళ్ళీ గీయవలసి వస్తుంది, పాత ఫోన్లలో అది కన్ను కొట్టినట్టు మినుకుతుంది. ఫోటో ఫైళ్ళకు మాత్రం ఏడాదిపాటు దాచుకోవచ్చని కాష్ సూచన ఇచ్చి, ఫోటో మారిన ప్రతిసారీ ఫైలు పేరునే మార్చండి. పేరు అలాగే ఉంచి లోపలి ఫోటోను మాత్రం మారిస్తే, కొందరికి పాత ఫోటో, కొందరికి కొత్త ఫోటో కనిపిస్తుంది. ఒకే వస్తువుకు ఇద్దరు రెండు రకాల ఫోటోలు చూసి పాట పాడడం కంటే పెద్ద చిక్కు వేలంలో మరొకటి ఉండదు.

ప్రశ్న: ఇవన్నీ చేశాక నిజంగా వేగం పెరిగిందో లేదో నాకు ఎలా తెలుస్తుంది? నా కంప్యూటరులో ముందు కూడా బాగానే తెరుచుకునేది.

జవాబు: మీ కంప్యూటరులో బాగానే ఉంటుంది, ఎందుకంటే మీ ఫోటోలు ఇప్పటికే మీ బ్రౌజర్ కాష్‌లో ఉన్నాయి. క్రోమ్‌లో గాని ఫైర్‌ఫాక్స్‌లో గాని ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్క్ అనే భాగానికి వెళ్ళి, కాష్‌ను ఆపివేసే గడిలో టిక్కు పెట్టి, వేగాన్ని తగ్గించే ఎంపికలలో నెమ్మదైన మొబైల్ నెట్‌ను ఎంచుకొని, పేజీని మళ్ళీ తెరవండి. ప్రతి ఫైలు పక్కన దాని బరువు, పట్టిన సమయం కనిపిస్తాయి. బరువు వరుసను పెద్దవి ముందు వచ్చేలా అమర్చుకుంటే దోషి ఎవరో మొదటి రెండు మూడు వరుసలలోనే దొరుకుతుంది. చాలాసార్లు అది వస్తువు ఫోటో కూడా కాదు, పేజీ పైన ఎప్పుడో పెట్టి మరచిపోయిన సంఘం గుర్తు తాలూకు పీఎన్‌జీ అయి ఉంటుంది.

ఒక లక్ష్యం కావాలంటే, పేజీలోని అన్నిటికంటే పెద్ద భాగం, వేలం పేజీలో సాధారణంగా మొదటి ఫోటో, 2.5 సెకన్ల లోపల కనిపించాలని గూగుల్ తన కొలమానాలలో సూచించింది. ఆ పరీక్షను మీ కంప్యూటరుతో ఆపకుండా, మీకు అందుబాటులో ఉన్న అన్నిటికంటే పాత ఫోనులో, వైఫై ఆపివేసి ఒకసారి చేసి చూడండి.